గట్టు మీద రాయి, అటక మీద గంగాళం

సంస్కృతి గురించి వ్యాసం రాయమని ప్రత్యేక సంచికవారు అడిగితే పెద్దలు సాధారణంగా దేవాలయాల గురించీ, కూచిపూడి గురించీ, త్యాగరాజస్వామి గురించీ రాస్తారు. వాటి మీద నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను వంటింటి గట్టు గురించి రాస్తాను.

మన షాంటిలీలో ఏ తెలుగువారి ఇంటికి వెళ్ళినా ఒక వ్యాజ్యం ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంటుంది. గ్రైండరు గట్టు మీదే ఉండాలని అత్తగారు అంటారు. గట్టు ఖాళీగా, అద్దంలా ఉండాలని కోడలు అంటుంది. కొత్తగా కొన్న ఎయిర్ ఫ్రయ్యరుకు చోటెక్కడా అని కొడుకు వెతుకుతూ ఉంటాడు. పండక్కి చుట్టాలు వస్తున్నారంటే సగం సామాను బేస్‌మెంటులోకి దిగిపోతుంది. అందులో కొన్ని మళ్ళీ మెట్లెక్కి పైకి రావు. ఇదంతా ఇల్లు సర్దుకునే వ్యవహారమే అనుకుంటాం. కాని ఏ పనిముట్టు చేతికందే చోట ఉంటుందో ఆ వంట ఇంట్లో నిలుస్తుంది. ఏది లోపలికి పోతుందో దాని వంట కొన్నేళ్ళలో మరుపున పడుతుంది. మా కుటుంబంలో మూడు తరాలుగా, మూడు దేశాల్లో జరిగింది ఇదే. అందుకే కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలనిపించింది.

మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మొదలుపెట్టిన పని ఆగిపోతే "అటకెక్కింది" అంటాం. సాయంత్రపు తెలుగు తరగతిలో ఈ మాట మొదటిసారి విన్నప్పుడు, అటక అంటే ఏమిటని పంతులుగారిని అడిగాను. ఆయన బోర్డు మీద పాత పెంకుటిల్లు బొమ్మ వేసి, గదికీ కప్పుకీ మధ్య చెక్కలతో వేసిన అర చూపించారు. ఆ బొమ్మ నుంచే ఈ వ్యాసం పుట్టింది.

ఆ ఇంట్లో మనం ఇప్పుడు గట్టు అంటున్నది లేదు. పొయ్యి నేల మీద ఉండేది. వండేవారు పీట మీదనో, గొంతుక్కూర్చునో వండేవారు. కూరలు కత్తిపీట మీద తరగడం, కొబ్బరి తురమడం, పెరుగు చిలకడం, పిండి రుబ్బడం అన్నీ నేలకు జేనెడు ఎత్తులో జరిగేవి. కనుక ఏది ఎక్కడ ఉండాలన్న లెక్క కూర్చున్న మనిషి చేతిని బట్టి ఏర్పడింది. ఉప్పు, చింతపండు గోడ గూట్లో. కవ్వం గోడకు కొట్టిన కొయ్యకు. పాలు, పెరుగు, వెన్న పిల్లికి అందకుండా ఉట్టి మీద. పెళ్ళికో సంతర్పణకో ఏడాదికి ఒక్కసారి కావలసిన గంగాళాలు, గుండిగలు అటక మీద. నిచ్చెన వేసి, ఇద్దరు మగవాళ్ళు పట్టి దింపవలసినవి అవి. రోజూ కావలసినది చేతి దగ్గర, ఏడాదికోసారి కావలసినది నెత్తి మీద. ఈ రోజు ఇల్లు సర్దడం నేర్పే పుస్తకాలు డబ్బు పుచ్చుకుని చెప్పే సూత్రం కూడా ఇంతే.

అయితే ఈ సూత్రానికి లొంగనివి కొన్ని ఉన్నాయి. అవి రాళ్ళు. వడ్లూ పసుపూ కారమూ దంచడానికి రోలు, రోకలి. ఇడ్లీ పిండి, గారెల పిండి రుబ్బడానికి రుబ్బురోలు, దానిలో తిప్పే పొత్రం. పప్పు విరవడానికి, పిండి విసరడానికి తిరగలి. తెలంగాణలో దానినే ఇసుర్రాయి అంటారు. పచ్చి మసాలా, అల్లం నూరడానికి సన్నికల్లు. వీటిలో రోలును చాలా ఇళ్ళలో నేలలో సగం పాతేసేవారు. పంచలోనో పెరటిలోనో పాతిన రోలును ఎవరూ ఎక్కడా దాచలేరు. దాని చోటును దాని బరువే నిర్ణయించింది. మనిషే దాని దగ్గరికి వెళ్ళాలి. అరిగిపోయిన తిరగలికి కక్కు కొట్టడానికి, అంటే ఉలితో మళ్ళీ గరుకు చెయ్యడానికి, పనివాళ్ళు వీధి వీధీ తిరిగి కేకలు వేసుకుంటూ వచ్చేవారు.

ఈ రాళ్ళ దగ్గర జరిగిన చాకిరీని మనం ఇప్పుడు ముచ్చటగా చెప్పుకుంటాం. అది ముచ్చట కాదు. తెల్లవారక ముందే లేచి విసరాలి. కలిగిన ఇళ్ళలో దంపుళ్ళకు ఆడకూలీలు వచ్చేవారు, కూలి గింజలో నూకలో కొలిచేవారు. ఆ అలసట మీదనే మన రోకటి పాటలు, తిరగలి పాటలు పుట్టాయి. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో రెండు రోకళ్ళు వెయ్యాలంటే తాళం తప్పకూడదు. తప్పితే చెయ్యి నలుగుతుంది. పాట ఆ తాళాన్ని కాపాడింది. "సువ్వి" అనే పల్లవి ఆ దంపుడు ఊపిరిలోంచి వచ్చిందే. అన్నమాచార్యుల వంటి మహానుభావుడు కూడా సువ్వి పాటలు కట్టాడంటే ఆ రోలు ఎంత గౌరవం సంపాదించుకుందో ఊహించండి.

ఆ గౌరవం పెళ్ళిలో ఇంకా కనిపిస్తుంది. పెళ్ళి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. రోలుకు, రోకలికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముత్తయిదువలు పసుపుకొమ్ములు దంచుతారు. తరువాత పెళ్ళికూతురు చేత సన్నికల్లు తొక్కించి, వరుడు ఆమె కాలివేలికి మెట్టె తొడుగుతాడు. రాయిలా స్థిరంగా ఉండమని మంత్రానికి అర్థం. ఆ రాయి ఏదో గుడిలోంచి తెచ్చినది కాదు, నిన్న అల్లం నూరినదే. నాకు ఇందులో నచ్చేది అదే.

ఈ రాళ్ళు మొదట ఓడ ఎక్కిన కథ మా ఇంటి కథ కనుక కొంచెం ఎక్కువ చెబుతాను. మారిషస్‌కు ఒప్పంద కూలీలు వెళ్ళడం 1834లో మొదలైంది. తరువాత దశాబ్దాల్లో కోరంగి వంటి మన రేవుల నుంచీ, మద్రాసు నుంచీ తెలుగువాళ్ళు చెరకు తోటలకు వెళ్ళారు. నేను ఆ సంతతిలో మూడో తరం. కూలీ మూటలో రుబ్బురోలు పట్టదు. కాని ఆ ద్వీపం అగ్నిపర్వతం కక్కిన నల్లరాయితో ఏర్పడింది. నూరడానికి అంతకంటే మంచి రాయి ఉండదు. కనుక సన్నికల్లు అక్కడే మళ్ళీ పుట్టింది. అక్కడి క్రియోల్ భాషలో దాని పేరు "రోష్ కారీ", కూర మసాలా రాయి అని. పైన దొర్లించే గుండ్రాయిని "బాబా" అంటారు, పసిబిడ్డ అని. తమిళంలో కూడా పొత్రాన్ని "కుళవి" అంటారు, ఆ మాటకూ పసిబిడ్డ అనే అర్థం ఉంది. తల్లి ఒడిలో బిడ్డలా రాతిలో రాయి. ఈ పోలిక సముద్రం దాటి కూడా చెడిపోలేదు.

మా నాయనమ్మ రాయి ఇంట్లో ఉండేది కాదు. వెనుక వైపు రేకుల చూరు కింద, నీళ్ళ కుళాయి పక్కన, నడుము ఎత్తు దిమ్మ మీద ఉండేది. ఆవిడ నిలబడి నూరేది. మారిషస్‌లో చాలా ఇళ్ళలో అంతే. పనిముట్టు పాతది, నిలబడడం కొత్తది. ఆవిడకు తెలుగు చదవడం రాదు. పండగ పూట చెప్పుకునే పాటలు, వంటల పేర్లు మాత్రం వచ్చు. మా అమ్మ తరానికి కరెంటు మిక్సీ వచ్చింది. రాయి కుళాయి పక్కనే ఉండిపోయింది, దాని మీద పూలకుండీ వెలిసింది. మా తరంలో ఆ పచ్చళ్ళ పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఇద్దరు. కుండీకి ముందూ, కుండీకి తరువాతా అని మా ఇంటి వంట చరిత్రను రెండుగా విడదీయవచ్చు.

ఈలోగా ఆంధ్రదేశంలో ఏం జరిగిందో చూద్దాం. మొదట దంపుడు ఇల్లు విడిచి వీధిలోకి వెళ్ళింది. 20వ శతాబ్దం మొదటి భాగంలో కృష్ణా, గోదావరి డెల్టాల్లో బియ్యపు మిల్లులు పెరిగాయి. 1934లో గాంధీగారు అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి దంపుడు బియ్యం తినండని ప్రచారం చెయ్యవలసి వచ్చిందంటే, అప్పటికే రోకళ్ళు మూలన పడుతున్నాయన్నమాట. ఆ తరువాత పిండి మర వచ్చింది, తిరగలి మూలన పడింది.

పొయ్యిని నేల మీది నుంచి పైకి ఎత్తినది వంట గ్యాసు. ఇండేన్ గ్యాసు 1965లో కలకత్తాలో మొదలై తరువాత మన పట్టణాలకు వచ్చింది. వంట గ్యాసు గాలికంటే బరువు. కారితే కిందికి దిగి నేల మీద పరచుకుంటుంది. అందుకని సిలిండరును నేల మీద నిలబెట్టి, పొయ్యిని దానికంటే ఎత్తున పెట్టాలని నియమం. అలా ప్రతి ఇంట్లోనూ గోడ పక్కన నడుమెత్తు గట్టు లేచింది. ఊరివాళ్ళు దాన్ని గ్యాసు గట్టు అన్నారు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకంతో పేద ఇళ్ళకు కూడా గ్యాసు ఇచ్చినప్పుడు ఆ గట్టు పల్లెలకు వెళ్ళింది. వేల సంవత్సరాలు కూర్చుని వండిన స్త్రీ ఒక్క తరంలో లేచి నిలబడింది. రోలు మాత్రం లేవలేదు. కూర్చున్న పనిముట్టుకీ నిలబడిన మనిషికీ మధ్య రెండడుగుల ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి మిక్సీ వచ్చి కూర్చుంది.

మిక్సీ కథ చిన్నది. విదేశాల నుంచి వచ్చిన మిక్సర్లు పండ్లరసానికీ మిల్క్‌షేకుకీ పుట్టినవి. అమెరికాలో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ 1922లో గిన్నె అడుగున బ్లేడు పెట్టింది సోడా దుకాణాల కోసం. 1937లో బ్యాండు నాయకుడు ఫ్రెడ్ వేరింగ్ పేరుతో ప్రసిద్ధికెక్కిన బ్లెండరు కూడా అటువంటిదే. దానిలో ఎండు పసుపుకొమ్ములు, నానిన మినప్పప్పు వేస్తే మోటారు పొగలు కక్కుతుంది. ఈ బాధ చూసి సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు మన వంటకు తట్టుకునే మోటారుతో 1963లో సుమీత్ మిక్సీ తయారుచేశారు. పచ్చడికీ పొడికీ మిక్సీ చాలు. పిండికి చాలదు. బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పును కోస్తుంది, వేడెక్కిస్తుంది. రాయి నెమ్మదిగా తిరిగి పప్పును నలుపుతుంది, మధ్యమధ్య గాలి చేరుస్తుంది. అందుకే రాతి మీది మినప్పిండి ఎక్కువ ఒదుగుతుంది, గారె లోపల గుల్లగా ఉంటుంది. ఆ గుణం పోగొట్టుకోకుండా, మనిషికి బదులు మోటారు రాయిని తిప్పే గ్రైండరును 1955 ప్రాంతంలో కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన చేశారు. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు ఈ రోజు దార్జిలింగ్ టీ లాగా భౌగోళిక గుర్తింపు ఉంది. టేబుల్ మీద పెట్టే చిన్న గ్రైండర్లు దాని పిల్లలు. పిల్లలన్న మాటే గాని ఒక్కొక్కటి పాతిక పౌన్ల పైమాటే.

ఇక మన షాంటిలీకి వద్దాం. డల్లెస్ విమానాశ్రయానికి వెళ్ళే దారిలో సల్లీ అనే పాత ఇల్లు ఉంది. మన పిల్లలను స్కూళ్ళవాళ్ళు అక్కడికి తీసుకువెళ్తారు. దాన్ని రిచర్డ్ బ్లాండ్ లీ 1794లో కట్టించాడు. విమానాశ్రయం కోసం ప్రభుత్వం చుట్టుపక్కల భూములు తీసుకుంటున్నప్పుడు, 1959లో ప్రత్యేకంగా చట్టం చేసి ఈ ఇంటిని కాపాడారు. అక్కడ నేను చూడమనేది ముందు హాలు కాదు. ఇంటికి వెనుక విడిగా ఉన్న వంటిల్లు చూడండి. పెద్ద పొయ్యి, ఇనుప వేలాడు గొలుసులు, బరువైన మూకుళ్ళు. నిప్పు భయం వల్లా, వేడి వల్లా వంటను ఇంటికి దూరంగా పెట్టారని చెబుతారు. అది నిజమే. మరో నిజం కూడా ఉంది. ఆ మూకుళ్ళు మోసినవారు బానిసలుగా బతికిన నల్లజాతివారు. వంట కనబడకుండా ఉంటే వండినవారూ కనబడరు. మన పెరటి దంపుళ్ళ మాట ఇక్కడ జ్ఞాపకం రాకుండా ఉండదు. ఈ రెండు కష్టాలూ సమానమని నేను అనడం లేదు. బానిసత్వానికి సాటి లేదు. కాని అతిథి కంటికి శుభ్రంగా కనిపించే ప్రతి గది వెనుకా, ఎవరో ఎక్కడో ఎత్తుకుంటున్న బరువు ఒకటి ఉంటుంది.

అమెరికాలో వంటిల్లు ఇంటిలోపలికి వచ్చి, పనివాళ్ళు లేని గృహిణి చేతికి చేరినప్పుడు గట్టు పుట్టింది. 1869లో కాథరీన్ బీచర్, ఆమె చెల్లెలు హారియట్ బీచర్ స్టో కలిసి గృహనిర్వహణ మీద ఒక పుస్తకం రాశారు. బానిసత్వం మీద ప్రసిద్ధ నవల రాసిన హారియట్ ఈవిడే. ఆవిరి ఓడలో వంటగది ఎంత చిన్నదో, అందులో ప్రతి సామానూ చెయ్యి చాపితే ఎలా అందుతుందో చూడండని వారు గృహిణులకు చెప్పారు. 1912లో క్రిస్టీన్ ఫ్రెడరిక్ కర్మాగారాల్లోలాగా వంటింట్లో అడుగులు లెక్కపెట్టి పత్రికల్లో రాసింది. 1926లో మార్గరెట్ షూట్టె-లిహోట్‌స్కీ అనే స్త్రీ జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కోసం ఒక చిన్న వంటిల్లు గీసింది. అటువంటివి దాదాపు పదివేలు కట్టారు. పిండికీ పప్పుకీ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులతో సహా ప్రతి వస్తువుకూ చోటు నిర్ణయించింది. ఈ రోజు మనం చూసే వరుస అలమారల వంటిళ్ళకు అదే తల్లి. అందులో కిటికీ దగ్గర గట్టు ముందు తిరిగే ముక్కాలిపీట కూడా ఉంది, పని కూర్చుని చెయ్యడానికి. తరువాతివాళ్ళు అలమారలు తీసుకుని పీటను వదిలేశారు. మన అమ్మమ్మలను అడిగి ఉంటే పీట ఉంచమనేవారు.

యంత్రాలు ఆ గట్టు మీదికి ఒక్కొక్కటే ఎక్కాయి. 1919లో వచ్చిన మొదటి కిచెన్ ఎయిడ్ మిక్సరు బరువు 65 పౌన్లు. అది కూడా ఒక రోలే, ఎక్కడ పెడితే అక్కడే. 1973లో కార్ల్ సాంట్‌హైమర్ క్యూజినార్ట్ తెచ్చాడు. సామాను పెరిగిన కొద్దీ ప్లగ్గులు పెరిగాయి. గట్టు వెనుక గోడ మీద ఏ చోటి నుంచి అయినా రెండడుగుల్లోపు ప్లగ్గు ఉండాలని ఈ దేశపు విద్యుత్ నియమావళి చెబుతుంది. వంటింటి సామాను తీగలు పొట్టిగా ఉండడమే కారణం. అంటే చట్టమే వీటికి గట్టు మీద చోటు రిజర్వు చేసిందన్నమాట. 1980లలో ఇళ్ళవాళ్ళకు ఆ సందడి నచ్చక, గట్టు మీదే చిన్న షట్టరు వేసి లోపల టోస్టరును దాచారు. దానికి కారు షెడ్డు పేరు పెట్టి, సామాను గరాజ్ అన్నారు.

మనకు దగ్గరలో వాషింగ్టన్‌లో అమెరికా చరిత్ర మ్యూజియంలో జూలియా చైల్డ్ గారి వంటిల్లు ఉంది. 2001లో ఆవిడ తన వంటింటిని గరిటెలతో సహా మ్యూజియానికి ఇచ్చింది. 2002 నుంచి జనం చూస్తున్నారు. ఆవిడ పొడగరి కనుక గట్టును మామూలు 36 అంగుళాల కంటే రెండంగుళాలు ఎత్తు పెట్టించుకుంది. భర్త గోడకు చిల్లుల పలక కొట్టి, ప్రతి మూకుడు చుట్టూ గీత గీశాడు, తీసినది మళ్ళీ అక్కడికే చేరాలని. ప్రపంచమంతా మెచ్చిన ఆ వంటింట్లో దాచిపెట్టినది తక్కువ. గట్టు ఖాళీగా ఉంటేనే నాగరికం అనుకునేవాళ్ళను నేను ఒకసారి అక్కడికి తీసుకువెళ్తాను.

మనవాళ్ళు ఈ కథలోకి ఆలస్యంగా వచ్చారు. 1965 వలస చట్టం తరువాత డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు. 1990ల నుంచి కంప్యూటర్లవాళ్ళు వచ్చారు. ఈ ప్రాంతానికి వచ్చినవారిలో చాలామంది 1962లో తెరిచిన డల్లెస్‌లోనే దిగారు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు డెబ్బై పౌన్లు అనుమతించిన రోజుల్లో, చీరల మధ్య చుట్టి మిక్సీ తెచ్చారు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, అక్కడిది 230. ఆ మిక్సీ ఇక్కడ మూలుగుతుంది తప్ప తిరగదు. దానికోసం ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరు కొని, అదీ గట్టు మీదే పెట్టారు. తరువాత మన కంపెనీలే 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు పంపడం మొదలుపెట్టాక ఆ ట్రాన్స్‌ఫార్మర్లు గరాజ్‌లకు వెళ్ళాయి. వాటికోసం ఎవరూ ఏడవలేదు, నేనూ ఏడవను.

షాంటిలీ పేరులోనే వంటిల్లు ఉందని ఎంతమందికి తెలుసు? ఈ పేరు మొదట వెస్ట్‌మోర్‌లాండ్‌లో రిచర్డ్ హెన్రీ లీ తోటది, దానికి ముందు ఫ్రాన్సులో ఒక కోటది. ఆ ఊరి పేరుతోనే చక్కెర వేసి గిలకొట్టిన మీగడను ప్రపంచమంతా షాంటిలీ క్రీము అంటుంది. కవ్వం ఊరన్నమాట మనది!

ఇక్కడి ఇళ్ళలో గట్టుకీ పై అలమారలకీ మధ్య 18 అంగుళాలు ఉంటాయి. గ్రైండరు కింద పడుతుంది గాని, మూత తీసి పిండి తియ్యాలంటే ముందుకు లాగాలి. ఈ లాగుడు వల్లే చాలా ఇళ్ళలో అది కింది అలమారలోకి వెళ్ళింది. పాతిక పౌన్ల రాతిని వంగి ఎత్తడం అరవై దాటినవారికి మంచిది కాదని డాక్టరు చెప్తాడు. కనుక అది అక్కడే ఉంటుంది. డబ్బా పిండి కొంటాం. తరువాత ఇడ్లీ కూడా కొంటాం. కొత్తగా కట్టే కొన్ని పెద్ద ఇళ్ళలో బిల్డర్లు వెనుక రెండో వంటిల్లు, మసాలా వంటిల్లు అని పెట్టి అమ్ముతున్నారు. ముందుది చుట్టాలకు చూపించడానికి, వెనుకది పోపు పెట్టడానికి. ఇంగువ కట్టిన గుడ్డ వాసన ముందు హాలులోకి రాకుండా తలుపు ఉంటుంది. సౌకర్యమే, కాదనను. కాని ఆ తలుపు వేసినప్పుడల్లా నాకు సల్లీ గుర్తుకొస్తుంది. పిల్లలు ముందు వంటింట్లో కూర్చుని హోంవర్కు చేసుకుంటారు, నాయనమ్మ వెనుక వంటింట్లో గారెల పిండి రుబ్బుతుంది. వాళ్ళు ఆ రుబ్బడం ఎప్పుడు చూస్తారు?

బడిపంతులు బుద్ధి కనుక నేనొక పరీక్ష పెట్టాను. వంటింట్లో ప్రతి యంత్రానికీ చిన్న కాగితం అంటించి, వాడినప్పుడల్లా ఒక గీత గీశాను. మూడు నెలలు గడిచాయి. మిక్సీ కాగితం నిండిపోయింది. రొట్టెల యంత్రానికి రెండు గీతలు, జ్యూసరుకు సున్నా. ప్రెషర్ కుక్కరు ఎటూ పొయ్యి మీది నుంచి దిగలేదు. ఎయిర్ ఫ్రయ్యరు నా అంచనాలను తలకిందులు చేసి గ్రైండరుకు మూడింతల గీతలు తెచ్చుకుంది. వాడకాన్ని బట్టి చోటు ఇవ్వాలన్న సూత్రం పాటిస్తే గ్రైండరు, సన్నికల్లు బేస్‌మెంటుకు వెళ్ళాలి.

కాని ఎయిర్ ఫ్రయ్యరు తేలికైనది. ఎక్కడ దాచినా దాన్ని ఒక చేత్తో బయటికి తెస్తాం, పిల్లలైనా తెస్తారు. రొట్టెల యంత్రం పోయినా ఏ తరానికీ నష్టం లేదు. గ్రైండరు అలా కాదు. లోపలికి వెళితే దానంతట అది తిరిగి రాదు. మారిషస్‌లో కుళాయి పక్కన, ఆంధ్రలో పెరట్లో, ఇక్కడ కింది అలమారలో జరిగినది అదే. బరువైన పనిముట్టును వాడకం తగ్గిందని దాస్తే, దాచడం వల్లే వాడకం పూర్తిగా పోతుంది. అందుకని మా ఇంట్లో లెక్క తిరగేశాం. తేలికైనవన్నీ, ఎంత వాడినా సరే, అలమారలోకి వెళ్ళాయి. బరువైనవి గట్టు మీద ఉన్నాయి. మా అబ్బాయి ఇది అశాస్త్రీయమని అంటాడు. ఇడ్లీలు మాత్రం తింటాడు.

గ్రైండరు పెట్టాలనుకునేవారికి రెండు మాటలు. పై అలమారలు లేని చోట, కిటికీ కింద, సింకుకు పక్కన పెట్టండి. రాళ్ళు కడగడం దగ్గరవుతుంది. గట్టు అంచుకు దగ్గరగా పెట్టకండి, తిరిగేటప్పుడు అదిరి జరుగుతుంది. గట్టు మీద ఎలాగూ వీలుకాకపోతే తొడ ఎత్తున్న గట్టి బల్ల మేలు, ఎత్తే పని లేకుండా పక్కన పీట వేసుకుని కూర్చోవచ్చు. చలికాలంలో పిండిగిన్నెను పొయ్యి కింది అవెన్‌లో పెట్టి, దీపం మాత్రం వేసి ఉంచండి, తెల్లారేసరికి పొంగుతుంది. అవెన్ మీద చీటీ అంటించడం మరిచిపోవద్దు, లేకపోతే ఎవరో ఒకరు పిజ్జా కోసం దాన్ని వేడిచేస్తారు.

సన్నికల్లు సంగతి వేరు. మన పెళ్ళిళ్ళు అద్దె హాళ్ళలో జరుగుతాయి కనుక, మెట్టెలు తొడిగే వేళకు పురోహితులు రాయి ఏదీ అని అడుగుతారు. కొందరు పలక ముక్కతో, మరికొందరు తోటలో పరిచే బండతో కానిచ్చేస్తారు. మా సాయంత్రపు తరగతిలో ఒక పెద్దావిడ దగ్గర గుంటూరు నుంచి తెచ్చుకున్న అసలు సన్నికల్లు ఉంది, పొత్రంతో సహా. ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు అదే తిరుగుతుంది. పట్టుకెళ్ళినవాళ్ళు పసుపు రాసి తిరిగి ఇస్తారు. ఆవిడ దాన్ని కడిగి, ఫ్రిజ్ పక్కన గట్టు మీద పెట్టి, ఆ సాయంత్రమే దాని మీద అల్లం, పచ్చిమిరపకాయలు నూరుతుంది. కిందటి నెల ఒక పెళ్ళివారు, "పిన్నిగారూ, ఇది దేవుడి గదిలో పెట్టుకోవచ్చు కదా?" అని అడిగారు. ఆవిడ నవ్వి, "అక్కడ పెడితే రేపు పెసరట్టులోకి అల్లప్పచ్చడి ఎక్కడ నూరనమ్మా?" అంది.